మారిషస్ బొటనవేలు కొండ, మన ఎర్రమట్టి: 'అగ్నిపర్వతం పొడి' బస్తా కొనేముందు ఇది చదవండి



ఈ మధ్య మన భోగాపురం, పూసపాటిరేగ, డెంకాడ వైపు రైతులు నన్ను ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "ఏటి బావా, అగ్నిపర్వతం రాయి పొడి అంట, ఎకరానికి రెండు బస్తాలు ఏస్తే మట్టికి మళ్ళీ వయసొస్తాదంట, నిజవేనా?" అని. పొడి అమ్మడానికి ఊళ్ళోకి వచ్చిన ఒకాయన ఫోన్లో మారిషస్ చెరకు తోటల ఫొటోలు చూపించాడట. వెనకాల నల్లటి కొండ, ముందు ఏపుగా పెరిగిన చెరకు. "చూడండి, అగ్నిపర్వతం మట్టి కాబట్టే ఇలా పండుతోంది" అన్నాడట.

పై వీడియోలో దీని గురించి ఐదు నిమిషాలే మాట్లాడాను. చాలామంది ఇంకా వివరంగా చెప్పమన్నారు కాబట్టి రాస్తున్నాను. పొడి మంచిదా చెడ్డదా అని ఒక్క మాటలో తేల్చేస్తే లాభం లేదు. ఆ కొండ ఏంటో, ఆ రాయి ఏంటో, అది మట్టిగా ఎలా మారుతుందో తెలిస్తే, రేపు ఇంకెవరు ఏ బస్తా పట్టుకొచ్చినా మీరే లెక్క కట్టుకోగలరు.

ఆ కొండ ఎక్కడుంది?

మారిషస్ హిందూ మహాసముద్రం నడుమ ఉన్న చిన్న దీవి. మన తీరం నుంచి నైరుతి దిక్కుగా సుమారు 5,000 కిలోమీటర్లు. ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ నుంచి చూసినా తూర్పున ఇంకో 800 కిలోమీటర్లు సముద్రంలోకి వెళ్ళాలి. ముఖ్యమైన దీవి వైశాల్యం 1,865 చదరపు కిలోమీటర్లు. అంటే మన విజయనగరం జిల్లాలో సగం కూడా ఉండదు.

రాజధాని పోర్ట్ లూయీ. ఓడరేవులో నిలబడి చూస్తే ఊరి వెనక గోడ కట్టినట్టు మోకా కొండల వరస కనిపిస్తుంది. అందులో ఒక శిఖరం పిడికిలి బిగించి బొటనవేలు పైకెత్తినట్టు ఉంటుంది. అందుకే దాని పేరు లె పూస్. ఫ్రెంచి భాషలో బొటనవేలు అని అర్థం. ఎత్తు 812 మీటర్లు. పక్కనే తల మీద గుండ్రాయి పెట్టుకున్నట్టున్న పీటర్ బోత్ శిఖరం 820 మీటర్లు. దీవి మొత్తంలో ఎత్తయినది నైరుతి మూలనున్న 828 మీటర్ల నల్లనది శిఖరం. 1836లో చార్లెస్ డార్విన్ ఓడ మీద లోకం చుట్టి వస్తూ ఇక్కడ ఆగి లె పూస్ ఎక్కాడు.

ఈ కొండలేవీ విడివిడి అగ్నిపర్వతాలు కావు. ఒకప్పుడు దీవి అంతా కలిపి ఒకే పెద్ద అగ్నిపర్వతం. దాని నడిమి భాగం కూలిపోయి, వానలకు అరిగిపోయి, అంచులు మాత్రం అక్కడక్కడా మిగిలాయి. పెద్ద కుండ పగిలిపోయాక మూతి పెంకులు నిలబడి ఉన్నట్టన్నమాట. ఆ పెంకుల్లో ఒకటి లె పూస్.

ఎందుకు పుట్టింది, ఎందుకు ఆరిపోయింది?

భూమి లోపల కొన్ని చోట్ల వేడి పైకి తన్నుకొచ్చే తావులుంటాయి. ఆ తావు దాదాపు కదలదు. దాని పైనున్న భూమి పలక మాత్రం ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున జరుగుతూ ఉంటుంది. పొయ్యి ఉన్నచోటే ఉంది, పైన పెనం జరుగుతోంది అనుకోండి. పొయ్యి మీదున్నంత సేపే పెనం కాలుతుంది. జరిగిపోయిన చోట చల్లారిపోతుంది.

మారిషస్‌లో ఇప్పుడు కనిపించే రాళ్ళలో బాగా పాతవి దాదాపు 80, 90 లక్షల ఏళ్ళవి. లె పూస్ ఆ పాత తరానికి చెందినది. పెద్ద కొండ ఆరాక కూడా దీవి నడుమ చిన్న చిన్న నోళ్ళు తెరుచుకుని చాలాసార్లు లావా కక్కాయి. క్యూర్‌పైప్ పట్టణంలో ట్రూ ఓ సెర్ఫ్ అనే గుండ్రటి గొయ్యి అలాంటిదే. చివరిసారి లావా పారి కూడా వేల ఏళ్ళు గడిచిపోయాయి. ఇప్పుడు పొయ్యి రెండువందల కిలోమీటర్ల చిల్లర దూరంలో రీయూనియన్ దీవి కింద ఉంది. అక్కడి కొండ ఈ రోజుకీ మండుతూనే ఉంటుంది.

ఇక మనకు సంబంధించిన సంగతి. ఇదే పొయ్యి మీద ఒకప్పుడు మన దేశం ఉండేది. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం భారత పలక ఈ తావు మీదుగా ఉత్తరానికి జరుగుతున్నప్పుడు లావా వరదలా పొంగి పొరలు పొరలుగా పరుచుకుంది. దాన్నే దక్కన్ ట్రాప్స్ అంటారు. మహారాష్ట్రలో ఎక్కువ భాగం అదే. తెలంగాణలో ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి, జహీరాబాద్, వికారాబాద్ వైపు నల్లరేగడికి తల్లి ఆ రాయే. మన ఆంధ్రలో కూడా రాజమండ్రి దగ్గర గోదావరికి రెండు పక్కలా ఆ లావా ఉంది. పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో రోడ్లకు కొట్టే నల్లరాయి అదే. ఆ తర్వాత లక్షదీవులు, మాల్దీవులు, చాగోస్ వరసగా ఏర్పడ్డాయి. చాలా కాలానికి మారిషస్, దాని తర్వాత రీయూనియన్.

అంటే మారిషస్ బొటనవేలు కొండ, పంగిడి నల్లరాయి ఒకే పొయ్యి మీద ఉడికినవి. రెండూ బసాల్టే. అగ్నిపర్వతం రాయి కావాలంటే సముద్రాలు దాటక్కర్లేదు. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

ఆ రాళ్ళు ఏరింది ఎవరు?

ఫొటోలో చెరకు తోట చూపించిన ఆయన ఇంకొకటి చూపించలేదు. మారిషస్ చెరకు మళ్ళ నడుమ గోడల్లా, మెట్ల గుట్టల్లా పేర్చిన నల్లరాళ్ళ కుప్పలుంటాయి. లావా పారిన నేల కదా, అడుగు తవ్వితే బండరాయే. నాగలి దిగదు. ఆ రాళ్ళన్నీ మనుషులు చేతుల్తో ఏరి, మోసి, కుప్పలు పోస్తేనే చెరకు నాటడానికి చోటు దొరికింది.

ముందు ఆ పని చేసింది ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి పట్టుకొచ్చిన బానిసలు. 1835లో అక్కడ బానిసత్వం రద్దయింది. అంతకు కొద్దిగా ముందు, 1834 నుంచే మన దేశం నుంచి ఒప్పంద కూలీలను ఓడల్లో తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. ఆ తర్వాతి ఎనభై ఏళ్ళలో సుమారు నాలుగున్నర లక్షల మంది ఆ దీవిలో దిగారు. వాళ్ళు దిగిన పోర్ట్ లూయీ రేవు మెట్లను ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఓడ దిగి తలెత్తితే ఎదురుగా కనిపించేది ఈ కొండల వరసే.

ఆ వెళ్ళినవాళ్ళలో మన తెలుగువాళ్ళు ఉన్నారు. కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి, మన వైపు విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి వెళ్ళారు. భూమి లేనివాళ్ళు, కరువుకు తట్టుకోలేనివాళ్ళు, పని దొరుకుతుందంటే నమ్మి సంతకం బదులు వేలిముద్ర వేసినవాళ్ళు. వాళ్ళ మనవలు, మునిమనవలు ఈ రోజుకీ అక్కడ సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు. రామభజన, అమ్మోరు పండగ చేస్తారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు కూడా ఆ దీవిలో జరిగాయి. సింహాచలం కొండ కింద పుట్టినవాళ్ళు అయిదు వేల కిలోమీటర్ల అవతల ఇంకో కొండ కింద స్థిరపడి, అప్పన్నను మాత్రం వదల్లేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, "అగ్నిపర్వతం మట్టి కాబట్టి పండుతోంది" అనే మాటలో ఆ చేతులు కనిపించవు. లావా దానంతటదే పొలం కాలేదు. దాన్ని పొలం చేసినవాళ్ళలో మన జిల్లా మనుషులు కూడా ఉన్నారు.

రాయి ఒకటే, మట్టి వేరు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బసాల్టులో కాల్షియం, మెగ్నీషియం, ఇనుము బాగా ఉంటాయి. కొంచెం భాస్వరం ఉంటుంది. పొటాష్ తక్కువే. ఇసకరాయి, గ్రానైట్ లాంటి వాటితో పోలిస్తే ఇది త్వరగా కరుగుతుంది. కొత్త లావా మట్టి బలమైనదని లోకమంతా చెప్పుకునేది ఇందుకే.

కానీ ఎలా కరుగుతుంది? వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని బాగా పలచని ఆమ్లంగా మారుతుంది. సోడా నీళ్ళలాగ అనుకోండి. ఆ నీరు రాయిని కొద్దికొద్దిగా తింటుంది. వేర్లు, బూజు దారాలు కూడా ఆమ్లాలు వదిలి ఆ పనిని వేగం చేస్తాయి. రాయిలోంచి కాల్షియం, మెగ్నీషియం, పొటాష్, సిలికా బయటికొస్తాయి. వచ్చినవి రెండు దారుల్లోనే పోతాయి. వేరు పట్టుకుంటే మొక్కలోకి, లేకపోతే నీటితో కిందకు, వాగులోకి, సముద్రంలోకి.

మారిషస్ మధ్య పీఠభూమి మీద ఏడాదికి 4,000 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. పడమటి తీరంలో కొండల చాటున 1,000 లోపే. మనకు వెయ్యి పైచిలుకు. అంటే పీఠభూమి మీద మనకంటే మూడు నాలుగు రెట్లు వాన, అదీ లక్షల ఏళ్ళుగా. ఏమైంది? కరిగే సారమంతా కడిగేసింది. కరగని ఇనుము, అల్యూమినియం మిగిలాయి. మట్టి ఎర్రబడింది, పులిసింది. ఆ ఇనుము, అల్యూమినియం భాస్వరాన్ని గట్టిగా పట్టుకుని మొక్కకు వదలవు. కాబట్టి ఆ దీవిలో పాత లావా మీది మట్టి లోతుగా ఉంటుంది గానీ సారం తక్కువ. కొత్త లావా మీది మట్టిలో సారం ఉంటుంది గానీ రాళ్ళమయం. రెండూ ఒకే దీవిలో, కొన్ని మైళ్ళ తేడాలో.

మన దగ్గరా ఇదే ఉంది. జహీరాబాద్ వెళ్ళి చూడండి. ఒకే దక్కన్ లావా మీద ఒక పక్క నల్లరేగడి, ఇంకో పక్క గులకలతో ఎర్రటి చౌడురాతి మట్టి. తల్లి ఒకటే, పిల్లలు ఇద్దరు. వాన, వాలు, గడిచిన కాలం, పైన ఉన్న పచ్చదనం, ఇవన్నీ కలిసి నిర్ణయిస్తాయి.

అందుకే నేను చెప్పే మాట ఇది. కొండ ఇచ్చేది సరుకు మాత్రమే. ఆ సరుకు పొలంలో నిలుస్తుందా, సముద్రంలో కలుస్తుందా అన్నది పైన ఉన్న ప్రాణం మీద ఆధారపడి ఉంటుంది. వేరు, ఆకు, వానపాము, సూక్ష్మజీవులు ఉన్నచోట సరుకు తిరుగుతూ ఉంటుంది. లేనిచోట అగ్నిపర్వతం మీద కూర్చున్నా పేద మట్టే.

మారిషస్‌లో రాతిపొడి వేసి చూశారు

ఇది చాలామందికి తెలియదు. పాత మట్టి నీరసించిపోయిందని మారిషస్ వాళ్ళే తమ బసాల్టును పొడి కొట్టి తమ పొలాల్లోనే వేసి చూశారు. ద'హాట్మన్ ద విలియే అనే శాస్త్రవేత్త ఆ ఫలితాలను 1961లో ప్రచురించారు. ఆలోచించండి, అగ్నిపర్వతం దీవిలోనే అగ్నిపర్వతం పొడి కొత్తగా వేయాల్సి వచ్చింది! అక్కడి మట్టి అంత కడుక్కుపోయింది.

ఫలితం బాగానే వచ్చింది. బాగా అరిగిపోయిన మట్టిలో హెక్టారుకు 20 టన్నులకు పైగా పొడి వేస్తే, వరసగా ఐదు కోతల్లో చెరకు దిగుబడి మామూలు ఎరువులు వేసిన మడి కంటే సుమారు 30 శాతం పెరిగింది. చెరకుకు సిలికా బాగా కావాలి, బసాల్టులో అది ఉంది. పులుపు కూడా తగ్గింది. ఈ రోజు ప్రపంచమంతా వాతావరణం పేరుతో రాతిపొడి గురించి మాట్లాడుతున్నవాళ్ళు ఈ పాత మారిషస్ పనిని ఇప్పటికీ గుర్తుచేసుకుంటారు.

కాబట్టి పొడి అమ్మేవాళ్ళు చెప్పేది పూర్తి అబద్ధం కాదు. అబద్ధమంతా కొలతలో ఉంది.

బస్తా లెక్క వేద్దాం

హెక్టారుకు 20 టన్నులంటే ఎకరానికి 8 టన్నులు. అంటే 8,000 కిలోలు. చదరపు మీటరుకు దాదాపు రెండు కిలోలు.

ఊళ్ళోకి వచ్చినాయన చెప్పింది ఎకరానికి 25 కిలోల బస్తాలు రెండు. అంటే 50 కిలోలు. మారిషస్‌లో వేసినదాంట్లో 160వ వంతు.

ఇంకో రకంగా చూడండి. ఎకరంలో పై అరడుగు మట్టి తూకం సుమారు 900 టన్నులు ఉంటుంది. అందులో 50 కిలోలు కలిపితే 18 వేల కిలోల మట్టికి ఒక కిలో పొడి. పెళ్ళి వంటలో పెద్ద గుండిగ సాంబారుకు చిటికెడు ఉప్పు వేసినట్టు కూడా కాదు. దానితో మట్టికి వయసు తిరిగి రాదు. సంచి మీద ఏ బొమ్మ ఉన్నా లెక్క మారదు.

పోనీ 8 టన్నులూ వేద్దామంటే సంచుల్లో కొంటే 320 సంచులు. ఆ డబ్బుతో ఒక ఆవును కొనుక్కోవచ్చు. అది ఏళ్ళ తరబడి ఘనజీవామృతానికి పేడ, మూత్రం ఇస్తుంది. సంచుల్లో కాకుండా క్వారీ నుంచి టిప్పర్లో తోలించుకుంటే ఖర్చు వేరే. అప్పుడు అడగాల్సిన ప్రశ్న: ఏ క్వారీ, ఏ రాయి?

మన కొండ అగ్నిపర్వతం కాదు

మన వైపు క్రషర్ డస్టు చవగ్గా దొరుకుతుంది కదా, అదే వేసేద్దాం అని కొందరు అంటున్నారు. ఆగండి.

సింహాచలం కొండ నుంచి మన విజయనగరం, పార్వతీపురం కొండల దాకా ఎక్కువగా ఉన్నది ఖోండలైట్, చార్నోకైట్ అనే రాళ్ళు. ఇవి లావా చల్లారి ఏర్పడినవి కావు. భూమి లోతుల్లో వేడికి, ఒత్తిడికి రూపు మారిన చాలా పాత రాళ్ళు. దక్కన్ లావా పుట్టే నాటికే ఇవి బాగా పాతబడ్డాయి. కోణార్క్ గుడి కట్టింది కూడా ఈ ఖోండలైటుతోనే. అందులో పలుగు, గార్నెట్ లాంటివి బాగా ఉంటాయి. పలుగు కరగదు. అది పొడి కొట్టి వేస్తే పొలంలో ఇసక పెంచినట్టే. దాని సన్నటి దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి, అది ఇంకో ప్రమాదం.

ఎర్రగా ఉంటే లావా మట్టే అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు చూసి "ఇక్కడా అగ్నిపర్వతం పేలిందా అన్నయ్యా?" అని ఒక తమ్ముడు అడిగాడు. లేదు. అవి గాలి, నీరు, సముద్రం కలిసి పేర్చిన ఇసక దిబ్బలు. ఇనుము తుప్పు పట్టడం వల్ల ఎరుపు. మన భోగాపురం ఎర్ర నేలలకూ, మారిషస్ పీఠభూమి ఎర్ర నేలలకూ రంగు కలిసింది గానీ పుట్టుక కలవలేదు. ఒక్కటి మాత్రం కలిసింది. రెండూ సారం నిలవని నేలలు, రెండూ పైన కప్పు ఉంటేనే బతికే నేలలు.

అయితే సింహాచలం కొండ ఎలా పండుతోంది?

మంచి ప్రశ్న. సింహాచలం కొండ వాలుల్లో అనాస పండుతుంది, పనస పండుతుంది, సంపెంగలు విరగబూస్తాయి. గంగధార ఊట వస్తూ ఉంటుంది. అగ్నిపర్వతం కాదు, బసాల్టు కాదు. మరి ఎలా?

చెట్లు. రాలిన ఆకు కుళ్ళి వాన దెబ్బను ఆపుతుంది. నీరు జారిపోకుండా రాతి పగుళ్ళలోకి ఇంకి ఊటగా బయటికొస్తుంది. వేర్లు లోతు నుంచి తెచ్చిన పొటాష్, కాల్షియం ఆకు రూపంలో మళ్ళీ పైకి చేరుతుంది. రాయి పేదదైనా ఉన్న కొంచెం సారం చేజారకుండా తిరుగుతోంది.

మారిషస్‌లో దీనికి తిరగబడిన కథ జరిగింది. 1638లో డచ్చివాళ్ళు స్థిరపడే నాటికి దీవి అంతా అడవి. నల్లచేవ కలప కోసం నరికారు. తర్వాత ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు చెరకు కోసం నరికారు. ఇప్పుడు చెక్కుచెదరని అసలు అడవి దీవిలో 2 శాతం లోపే ఉందంటారు. డోడో పక్షి ఆ దీవిదే, ఎప్పుడో పోయింది. మిగిలిన అడవిలోకి బయట నుంచి వచ్చిన చిన్నరకం జామ చొరబడి, మన కొండల మీద లంటానా కమ్మేసినట్టు కమ్మేసింది. లె పూస్ పైభాగాన్ని ఇప్పుడు రక్షిత వనంగా ఉంచారు. మిగిలిన కొన్ని అక్కడి మొక్కలకు అదొక ఆఖరి తావు.

మన దగ్గర గ్రావెల్ కోసం తవ్విన ప్రతి కొండ కింద ఉన్న చెరువును గమనించండి. మొదటి వానకే ఎర్రగా నిండుతుంది. మూడో ఏటికి మేట వేస్తుంది. కొండ మీద చెట్టు పోయిన లెక్క కింద పొలంలో తేలుతుంది. ఊళ్ళో కొండ మీద జీడి, చింత, వేప నిలబెట్టుకోవడం ఏ పొడి కంటే పెద్ద ఎరువు అని నేను నమ్ముతాను.

మన పొలంలో ఏం చేయాలి?

నేను మన ఎర్రనేలకు చెప్పే వరస ఇది.

1. ముందు కప్పు. ఏడాదిలో 365 రోజులూ నేల మీద పచ్చదనమో, ఆకు చెత్తో ఉండాలి. వానలకు ముందే నవధాన్యాలు చల్లే పీఎండీఎస్ మన తీరం నేలలకు చాలా బాగా కుదురుతుంది. వేరు ఉంటేనే కరిగిన సారం నిలబడుతుంది.

2. చెరకు వేసేవాళ్ళు ఆకు కాల్చొద్దు. సాళ్ళ నడుమ పరిచేయండి. కార్శి తోటకు అదే తేమ, అదే ఎరువు. మారిషస్‌లో చెరకు సాళ్ళ మధ్య బంగాళాదుంప అంతరపంటగా వేస్తారు. మనకు పెసర, మినుము, అలసంద ఉన్నాయి.

3. ఎకరానికి 400 కిలోల ఘనజీవామృతం, పంట కాలంలో ద్రవజీవామృతం మామూలే. ఇనుము పట్టుకున్న భాస్వరాన్ని విడిపించేది సూక్ష్మజీవులు, వేరు బూజులే. కొత్త రాయి తేకముందు ఉన్న రాయిని కరిగించేవాళ్ళకు తిండి పెట్టాలి.

4. గట్ల మీద గ్లైరిసీడియా, కంది, మునగ. లోతు వేరు కింద నుంచి సారం పైకి తెస్తుంది.

5. అప్పటికీ రాతిపొడి చూడాలని ఉందా? చూడండి, తప్పులేదు. కానీ ఎకరమంతా కాదు. రెండున్నర సెంట్ల మడులు రెండు తీసుకోండి. ఒకే మట్టి, ఒకే వాలు ఉండాలి. ఒకదానిలో 200 కిలోల నిజమైన బసాల్టు సన్నపొడి వేయండి, రెండోదానిలో వద్దు. విత్తనం, జీవామృతం, నీరు రెండిటికీ సమానం. కోతకు రెండూ విడిగా తూచి పుస్తకంలో రాయండి. ఒక్క పంట చూసి తేల్చొద్దు, రాయి నెమ్మదిగా కరుగుతుంది. కనీసం మూడు పంటలు చూడాలి.

6. పొడి తెచ్చేముందు రాయి పేరు అడగండి. బసాల్టు అంటే ఏ ఊరి క్వారీదో చెప్పమనండి. నికెల్, క్రోమియం లాంటి లోహాలు ఎంతున్నాయో ల్యాబ్ రిపోర్టు చూపించమనండి. కొన్ని బసాల్టుల్లో అవి ఎక్కువ ఉంటాయి. రిపోర్టు లేదంటే దండం పెట్టి పంపేయండి.

7. చల్లేటప్పుడు పొడి తడపండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పిల్లలను దగ్గరకు రానివ్వొద్దు.

చివరిగా ఒక మాట

మొన్న ఒక పెద్దాయన, "మన నేల పేదది బాబూ, ఆళ్ళ నేల లాంటిది మనకి దేవుడివ్వలేదు" అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది. అప్పు చేసి బోరు వేసి, బస్తాలు మోసి, పంట రాకపోతే మట్టినే తిట్టుకుంటాం. అలా నిరాశలో ఉన్నప్పుడే ఎవరో ఒక సంచి పట్టుకుని గుమ్మంలోకి వస్తాడు.

ఆయనకు నేను చెప్పింది మీకూ చెప్తున్నాను. తాతయ్యా, ఆళ్ళకిచ్చిన నేల కూడా రాళ్ళ నేలే, వాన కడిగేసిన నేలే. ఇక్కడి నుంచి వెళ్ళిన మనవాళ్ళే దాన్ని రాయి రాయి ఏరి పొలం చేశారు. అంత పని చేసిన చేతులు మనవి. మన నేలకు కావలసింది అంత బరువు పని కూడా కాదు. కప్పు తీయకుండా, చెట్టు నరక్కుండా, ఆకు కాల్చకుండా నాలుగైదేళ్ళు ఓపిక పట్టడం.

ఎవరైనా రెండు మడుల ప్రయోగం పెడితే తూకాలు నాకు పంపండి. పొడి పని చేసినా, చేయకపోయినా ఉన్నది ఉన్నట్టు వీడియోలో చూపిస్తాను.